కొత్త బలిపీఠం కింద ఏ అవశేషం పెట్టాలి? ఒక మిషన్ విచారణ కేస్ స్టడీ

కేసు ఇదీ. ఒక పాత మిషన్ విచారణలో, అంటే ఒక గురువు (ఫాదర్) చూసుకునే కతోలిక పారిష్‌లో, శిథిలమైన గుడిని తీసేసి కొత్తది కట్టారు. ప్రతిష్ఠకు ముందు విచారణ గురువులు మేత్రాసన (డయోసిస్) కార్యాలయానికి ఉత్తరం రాశారు. గుడి వెనక గది బీరువాలో పునీతుల (సెయింట్ల) అవశేషాలు, అంటే వాళ్ల ఎముక తునకలో వస్త్రపు ముక్కలో, మూడున్నాయి, వాటిలో ఒకదాన్ని కొత్త బలిపీఠం కింద ఉంచడానికి అనుమతి కావాలన్నారు. ప్రతిష్ఠ జరిగే ఏడాది పొడుగునా మిషనరీ పునీత ఫ్రాన్సిస్ శౌరివారి (సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్) అవశేషాన్ని విచారణ కిందున్న ఊళ్లన్నిటికీ, అంటే ఉపవిచారణలకు, తీసుకెళ్లాలని కూడా ఉందన్నారు. మేత్రాసన దస్తావేజుల పని చూసేది నేను కాబట్టి, పరిశీలించి నివేదిక ఇమ్మని పీఠాధిపతులు (బిషప్) ఆ ఉత్తరాన్ని నాకు పంపారు.

ఇలాంటి కేసుల్లో అందరూ అడిగేది ఒకటే: "ఇది నిజమైనదేనా?" నేను తేల్చగలిగేది అది కాదు. గాజు వెనకున్న చిన్న తునక ఎవరిదో చూసి చెప్పగలవాళ్లు ఎవరూ లేరు. అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, మధ్యలో ఎక్కడైనా తెగిందా అన్నదే నేను చూడగలను. అవశేషం మీద నమ్మకమంతా ఆ గొలుసు మీదే నిలబడి ఉంటుంది. మిషన్ల దారిలో ఆ గొలుసు తెగడానికి అవకాశాలు ఎక్కువ. ఓడ ప్రయాణాలు, జ్వరాలతో పోయిన గురువులు, చెదపురుగులు, మఠాల మూసివేతలు, చేతులు మారిన మిషన్లు.

మూడు పెట్టెలూ చేతి గడియారమంత ఉన్నాయి. వీటిని థీకా అంటారు. ముందు గాజు, లోపల పట్టుగుడ్డ మీద అతికించిన తునక, దాని పక్కన సన్నటి చీటీ మీద లాటిన్‌లో పునీతుల పేరు. చూసేవాళ్ల కళ్లు గాజు మీదికి పోతాయి, నేను మాత్రం ముందు పెట్టెను వెనక్కి తిప్పుతాను. వెనక మూత తీస్తే ఎర్ర పట్టుదారం అడ్డంగా నిలువుగా బిగించి కనిపించాలి. దారాలు కలిసేచోట లక్క ముద్ర ఉండాలి. దారం తెగకుండా, ముద్ర పగలకుండా లోపలి తునకను మార్చడం కుదరదు.

పెట్టెతో పాటు ఒక ప్రామాణిక పత్రం కూడా రావాలి. సాధారణంగా అది అచ్చు వేసిన లాటిన్ ఫారం, ఖాళీలను చేతిరాతతో నింపుతారు. ఎవరు ఇస్తున్నారు, ఎవరి అవశేషం, ఎముకా వస్త్రమా అన్న వివరాలుంటాయి. పెట్టె గుండ్రమా కోలా, వెండా ఇత్తడా, గాజులెన్ని, దారం రంగేమిటి, ముద్ర ఎవరిది అన్నవి కూడా రాస్తారు. కొత్తవాళ్లకు ఈ పెట్టె వర్ణన చాదస్తంలా అనిపిస్తుంది. ఈ కేసులో ఒక పెట్టె సంగతి తేల్చింది ఆ చాదస్తమే.

అసలు మిషన్లకు ఇన్ని అవశేషాలు ఎలా చేరాయో చెప్పకుండా ముందుకెళ్లలేను. వెనకటి రోజుల్లో గురువులు ఎక్కడ దివ్యపూజాబలి అర్పించాలన్నా, వేదసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల) అవశేషాలు పొదిగి అభిషేకించిన రాయి ఉండాలి. గుడి లేని ఊళ్లు తిరిగే మిషనరీ తన సామానులో చిన్న రాతిపలక ఒకటి మోసుకెళ్లేవారు. ఆ పలకలో చిన్న గుంట తవ్వి, అవశేషం ఉంచి, మూసి ముద్రించేవారు. కాబట్టి మిషన్లలో అవశేషాలు భక్తి కోసమే కాదు, రోజువారీ పూజకు కావలసిన సరంజామాలో భాగం కూడా. మిషనరీల పాత ఉత్తరాల్లో పూజా వస్త్రాలు, పతకాలు, జపమాలలతో పాటు ఇవీ ఒక వరుసలో కనిపిస్తాయి.

సరఫరాకు లోటు లేకుండా పోవడానికి మరో కారణం ఉంది. 1578లో రోము నగరం బయట, సలారియా రహదారి దగ్గర భూగర్భ సమాధులు బయటపడ్డాయి. తొలినాటి క్రైస్తవుల ఎముకలు అక్కడ లెక్కలేనన్ని. అంతకు పదిహేనేళ్ల ముందే, 1563లో, త్రెంతు మహాసభ అవశేషాల గౌరవాన్ని సమర్థిస్తూనే, పీఠాధిపతి పరిశీలించి ఒప్పుకోకుండా కొత్త అవశేషం దేన్నీ స్వీకరించవద్దని కట్టడి పెట్టింది. ఆ కట్టడి కింద రోము నుంచి అవశేషాలు ప్రపంచమంతా వెళ్లాయి. అదే 1578లో, పోపు 13వ గ్రెగొరీ పంపిన 214 అవశేషాలకు మెక్సికో నగరంలో జెస్విట్లు పెద్ద ఉత్సవం చేశారు. 1669లో అవశేషాల వ్యవహారం చూడటానికి రోములో ప్రత్యేక కార్యాలయమే పుట్టింది.

సమాధుల్లో దొరికిన ఎముకల పేర్లు తరచుగా తెలియవు. పేరు లేనివాళ్లకు ఫెలిక్స్, విక్టర్ లాంటి మంచి పేర్లు పెట్టి పంపిన సందర్భాలున్నాయి. 1802లో ప్రిసిల్లా సమాధుల్లో దొరికిన పునీత ఫిలోమినాకు పేరు వచ్చింది సమాధి మూసిన పలకల మీది అక్షరాల వల్ల. ఆ పలకలు కూడా వరుస తప్పి ఉన్నాయి. 1835లో ఆమె అవశేషాలున్న ఇటలీలోని ముగ్నానోలో పౌలిన్ జరికో అనే ఫ్రెంచి మహిళకు స్వస్థత కలిగింది. 1822లో లియోన్‌లో విశ్వాస వ్యాప్తి సంఘం పుట్టడానికి మూలం ఈ జరికోయే. మిషన్లకు చందాలు పోగుచేసే ఆ సంఘం సభ్యుల ద్వారా ఫిలోమినా భక్తి ఎంత దూరం పాకిందో, పాత మిషన్ గుళ్లలో ఆమె స్వరూపాలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. 1961లో ఆమె పండుగను పూజా క్యాలెండర్ల నుంచి తీసేశారు. ఒక అవశేషం మీద భక్తి ఎంత పెరిగినా, దాని వెనక చరిత్ర అంతే బలంగా ఉండాలని లేదు.

ఇక మన బీరువా సంగతి.

మొదటి పెట్టె శౌరివారిది. ఊళ్లో అందరూ దీన్ని "శౌరివారి ఎముక" అంటారు. చీటీ మీద ఉన్నది 'ఎక్స్ ఒస్సిబుస్' (ఎముకల్లోంచి) కాదు, 'ఎక్స్ ఇందుమెంతిస్', అంటే వస్త్రాల్లోంచి తీసినది. భూతద్దంతో చూస్తే నేత పోగులు కనిపిస్తున్నాయి. ఈ మాట గురువులకు ముందు చెప్పాను, ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది. నా దృష్టిలో ఇది ఈ పెట్టె పట్ల నమ్మకం పెంచే విషయం. ఎవరైనా కల్పించాలనుకుంటే ఎముక అనే రాసుకునేవాళ్లు.

శౌరివారి దేహం ప్రయాణాల కథ పెద్దది. 1552 డిసెంబర్ 3న చైనా తీరంలోని షాంగ్‌చువాన్ దీవిలో ఆయన చనిపోయారు. సున్నం వేసి పూడ్చిన దేహాన్ని 1553లో మలక్కాకు, 1554లో గోవాకు తెచ్చారు. 1614లో జెస్విట్ల అధినేత ఆదేశంతో కుడి ముంజేతిని వేరుచేసి రోముకు పంపారు. అది ఇప్పటికీ అక్కడి జేసు గుడిలో ఉంది. పై చేతి ఎముక మకావు చేరింది. ఆయన జపానులో అడుగుపెట్టి నాలుగు వందల ఏళ్లయిన 1949లో ముంజేయి జపాను వెళ్లింది. 2018లో కెనడా నగరాలు తిరిగింది, విమానంలో దానికి విడిగా సీటు తీసుకున్నారు. గోవాలో దేహాన్ని పదేళ్లకోసారి దర్శనానికి ఉంచుతారు. మొన్న 2024 నవంబర్ నుంచి 2025 జనవరి వరకు జరిగింది. ఇంత తిరిగిన పునీతుని వస్త్రపు పోగు ఒక మిషన్ గుడికి రావడంలో వింతేమీ లేదు. వింత కాదు కాబట్టి నిజమైపోదు, ఆధారం కావాలి.

పత్రం లేదు. ముద్ర మాత్రం చెక్కు చెదరలేదు, ఎర్ర దారం బిగువుగానే ఉంది. పక్క నుంచి ఏటవాలుగా వెలుతురు పడేలా పెట్టి ఫొటోలు తీశాను. ముద్రలో పీఠాధిపతుల చిహ్నాల్లో ఉండే కులాయి (టోపీ), దాని కింద రెండు పక్కలా ఆరేసి కుచ్చులు తేలాయి. ఇప్పటి లెక్కలో ఆరైతే పీఠాధిపతి, పదైతే అగ్రపీఠాధిపతి, పదిహేనైతే కార్డినల్. పాతకాలంలో ఈ లెక్కను అందరూ ఒకేలా పాటించలేదు, కాబట్టి దాని మీదే ఆగిపోకూడదు. మేత్రాసనం ఏర్పడక ముందు ఆ మిషన్‌ను ఏలిన బిరుదు పీఠాధిపతుల పాత ఉత్తరాలు మా దగ్గరున్నాయి. వాటి మీది ముద్రలతో పోల్చి చూస్తే ఒకరి చిహ్నం సరిగ్గా కలిసింది. అంటే పెద్ద తునకలోంచి కొంత తీసి, స్థానికంగానే పెట్టెలో పెట్టి ముద్ర వేసింది ఆయన. మిషన్లలో ఇది మామూలే.

తర్వాత పీఠాధిపతుల సందర్శన రిజిస్టర్లు తిరగేశాం. ఒక పాత సందర్శనలో గుడి సామాను జాబితా రాస్తూ, వెండి దీపాల తర్వాత, "శౌరివారి అవశేషం, దాని కాగితంతో" అని ఉంది. తర్వాతి సందర్శనలో అవశేషం ఉంది, కాగితం ప్రస్తావన లేదు. కాగితం ఒకప్పుడు ఉండేదని, ఒక అధికారి దాన్ని కళ్లారా చూశాడని తేలింది. ఇంతకన్నా మంచి సాక్ష్యం మిషన్ విచారణల్లో అరుదుగా దొరుకుతుంది. పత్రం పోయినా పూర్వం నుంచి గౌరవం పొందుతున్న అవశేషాన్ని పీఠాధిపతి విచారించి కొనసాగించవచ్చన్నది 1917 నాటి శ్రీసభ చట్టంలోనే ఉన్న దారి. నేను సిఫారసు చేసిందీ అదే. కొత్త పత్రం ఇవ్వండి, కానీ అందులో "ఇది శౌరివారి వస్త్రమని ధ్రువీకరిస్తున్నాం" అని రాయొద్దు. "ఫలానా పీఠాధిపతి ముద్ర భద్రంగా ఉంది, ఫలానా రిజిస్టర్లో నమోదై ఉంది, ఇన్నాళ్లుగా గౌరవం పొందుతోంది" అని తెలిసింది తెలిసినట్టు రాయండి అన్నాను. పీఠాధిపతులు ఒప్పుకున్నారు.

రెండోది వేదసాక్షి ఫెలిక్స్‌ది. దీనికి పత్రం ఉంది, చూడ్డానికి అందంగా ఉంది, సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయి. గురువులు బలిపీఠం కోసం అనుకున్నది దీన్నే. పత్రంలో కోలగా ఉన్న వెండి పెట్టె, ఎర్ర పట్టుదారం, లక్క ముద్ర అని రాసి ఉంది. బీరువాలో ఉన్నది గుండ్రటి ఇత్తడి పెట్టె. లోపల తెల్ల నూలుదారం, ముద్ర లేదు.

ఆ విచారణలో చాలా ఏళ్లు సేవ చేసిన ఒక ముసలి మదర్ గారిని అడిగాను. పాత పెట్టె గాజు పగిలిందని, తమ మఠంలోనే కొత్త పెట్టెలోకి మార్చారని ఆమె గుర్తు చేసుకున్నారు. "అవశేషాన్ని గాలికి వదిలేయలేం కదా బాబూ," అన్నారు. ఆమె అన్నది నిజమే, చేసింది భక్తితోనే. కానీ ముద్ర లేని పెట్టెకు, వేరే పెట్టెను వర్ణించే పత్రానికి మధ్య ఇప్పుడు మిగిలింది ఒకరి జ్ఞాపకం మాత్రమే. పైగా ఏ ఫెలిక్స్? ఆ పేరుతో పునీతులు డజన్ల కొద్దీ ఉన్నారు. చీటీలో 'వేదసాక్షి' అన్న ఒక్క మాట తప్ప ఏ ఊరు, ఏ రోజు అన్నది లేదు.

"అంటే ఇది దొంగదంటారా?" అని అడిగారు ఫాదర్.

"దొంగదనడానికి కూడా ఆధారం లేదు ఫాదర్. గుడిలో అందరి ముందూ పెట్టడానికి సరిపోయే ఆధారం లేదంటున్నాను, అంతే."

ఈ తేడాను చాలామంది పట్టించుకోరు. సందేహం రాగానే పారేయాలనేవాళ్లు ఒకవైపు, భక్తి ఉంటే చాలు కాగితాలెందుకనేవాళ్లు మరోవైపు. అవశేషం కావచ్చునన్నంత వరకూ దాన్ని మర్యాదగానే చూడాలి. బహిరంగ గౌరవం మాత్రం వేరు, అది శ్రీసభ పేరు మీద జరుగుతుంది. ఫెలిక్స్ పెట్టెను పత్రంతో సహా మేత్రాసన భద్రపేటికలోకి తెప్పించాం. మదర్ గారి మాటలు రాసి, ఆమె సంతకంతో జతచేశాం.

మూడోదాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. విదేశంలో పనిచేసే విచారణ బిడ్డ ఒకరు ఆన్‌లైన్‌లో కొని పంపారు. పత్రం కలర్ జెరాక్స్. ముద్ర లక్కది కాదు, ఎర్ర ప్లాస్టిక్ లాంటిది. శ్రీసభ చట్టం 1190వ సూత్రం అవశేషాల అమ్మకాన్ని పూర్తిగా నిషేధిస్తుంది. దాతకు గురువులే ఫోన్ చేసి మెత్తగా చెప్పారు. మళ్లీ అమ్మకుండా, ఎవరికీ ఇవ్వకుండా అది కూడా మేత్రాసనానికే వచ్చింది. కొనడం ఒక రక్షణ అనుకునేవాళ్లున్నారు, వాళ్ల ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ ప్రతి కొనుగోలూ ఇంకో జెరాక్స్ తయారవడానికి పెట్టుబడి.

మరి బలిపీఠం కింద ఏది పెట్టాలి? ఏదీ వద్దన్నాను. గుడి, బలిపీఠాల ప్రతిష్ఠకు 1977లో వచ్చిన క్రమం స్పష్టంగా ఉంది. అక్కడ ఉంచే అవశేషం మనిషి శరీర భాగమని గుర్తుపట్టేంత పెద్దదై ఉండాలి. దాన్ని బలిపీఠం మీద గానీ, బల్లలో పొదిగి గానీ ఉంచకూడదు, కిందే ఉంచాలి. అనుమానమున్న అవశేషం పెట్టడం కన్నా అవశేషం లేకుండా ప్రతిష్ఠించడమే మేలని కూడా ఆ క్రమం చెబుతుంది. శౌరివారిది వస్త్రపు పోగు. ఫెలిక్స్‌ది గింజంత తునక, పైగా సందేహాస్పదం. రెండూ సరిపోవు.

విచారణ సంఘంలో ఇక్కడ గట్టి చర్చే జరిగింది. "మా తాతల గుడిలో రాయి కింద అవశేషం ఉండేది. ఇప్పుడు లేకపోతే పూజ చెల్లుతుందా?" అని ఒక పెద్దాయన నిలదీశారు. ఆయన ప్రశ్నకు పునాది ఉంది. అవశేషాలు లేకుండా ప్రతిష్ఠించిన గుళ్లలో వాటిని ఉంచాలని 787లో నికేయా రెండో మహాసభ ఆదేశించింది. ఆ సంప్రదాయాన్ని ఇప్పటి చట్టం కూడా నిలుపుకోమంటుంది, కానీ అవశేషం లేనంత మాత్రాన బలిపీఠం చెల్లకుండా పోదు. పాత గుడిలోని రాతిపలకను చూపించి, దానిలో ముద్రించిన గుంటను తెరవకుండా చరిత్ర వస్తువుగా భద్రపరుస్తున్నామని చెప్పాక ఆయన కొంత మెత్తబడ్డారు. పూర్తిగా ఒప్పుకున్నారని మాత్రం చెప్పలేను.

ఒక కుర్రాడు డీఎన్ఏ పరీక్ష చేయించొచ్చు కదా అన్నాడు. మంచి ప్రశ్న. దీనికి గోవాలో జరిగిన కేసు ఒకటి ఉంది. జార్జియా రాణి కెతేవాన్‌ను 1624లో షిరాజ్‌లో పర్షియా రాజు షా అబ్బాస్ చంపించాడు. ఆమె అవశేషాల్లో కొన్నిటిని అగస్తీనియన్ మిషనరీలు గోవాలోని తమ మఠానికి తెచ్చారు. మఠం కూలిపోయింది. ఫలానా కిటికీ దగ్గర రాతి పేటికలో ఉంచామని పోర్చుగీసు రాతల్లో ఉన్న వర్ణన ఆధారంగా, పురావస్తు శాఖ ఏళ్ల తరబడి తవ్వకాలు జరిపి ఎముకను కనిపెట్టింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు దాన్ని పరీక్షిస్తే తల్లివైపు డీఎన్ఏలో యూ1బీ అనే వర్గం కనిపించింది. భారతీయుల నమూనాలు 22 వేలకు పైగా చూస్తే వాటిలో అది లేదు, జార్జియన్లలో ఉంది. 2021లో భారత ప్రభుత్వం ఒక భాగాన్ని జార్జియాకు అందజేసింది. అక్కడ కూడా దారి చూపింది కాగితమే. ఎక్కడ తవ్వాలో, ఎవరి కోసం వెతకాలో అది చెప్పాకే డీఎన్ఏకు పని పడింది. ఏ ఫెలిక్సో తెలియని తునకను ఎవరి డీఎన్ఏతో పోలుస్తాం? పరీక్ష కోసం తీసే నమూనాకే ఆ గింజంతా అయిపోతుంది.

ఊరేగింపు విషయంలో నేను గురువుల పక్షమే. శౌరివారి అవశేషం చేతులు దాటే ఇంత దూరం వచ్చింది, బీరువాలో దాచిపెట్టడానికి కాదు. 1927లో శౌరివారితో పాటు మిషన్ల పాలక పునీతురాలిగా ప్రకటించిన చిన్న తెరేజమ్మ జీవితంలో ఏ మిషన్‌కూ వెళ్లలేదు. ఇరవై నాలుగేళ్లకే మఠంలో కన్నుమూశారు. ఆమె అవశేషాల పేటిక మాత్రం కొన్ని దశాబ్దాలుగా ఖండాలు తిరుగుతోంది, 2002లో ఇరాక్ కూడా వెళ్లింది.

తిప్పడానికి ఒప్పుకుంటూనే కొన్ని కట్టుబాట్లు పెట్టాం. 2017లో రోము ఇచ్చిన సూచనలు చిన్న అవశేషాలైనా ముద్రించిన పెట్టెలోనే ఉండాలని, మూఢనమ్మకానికీ వ్యాపారానికీ తావివ్వొద్దని అంటాయి. మా కట్టుబాట్లు అక్కడి నుంచే వచ్చాయి. పెట్టెను స్టాండులో బిగించి, పైన మరో గాజు కప్పు. ముద్దు పెట్టేది, తాకేది ఆ పై గాజునే. పెదవుల తడి లోపలి పెట్టె అంచులోకి దిగితే చీటీ సిరా పాకుతుంది, జిగురు వదులుతుంది. లోహం మెరుగు పెట్టే పాలిష్ అసలు వాడొద్దు, నేను చూసిన పాడైన పెట్టెల్లో ఎక్కువ భాగం శుభ్రం చేయబోయి పాడుచేసినవే. ఎండలో నిలిపిన కారులో వదలొద్దు, లక్క మెత్తబడుతుంది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారేటప్పుడు ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ రిజిస్టర్లో సంతకం పెట్టాలి, ముద్రను ఫొటో తీయాలి. ప్రదర్శనకు బలిపీఠం బల్ల కాకుండా విడిగా చిన్న బల్ల వేయాలి. ధూపం రెండు ఊపులే. అవశేషం పక్కన కానుకల పళ్లెం ఉండకూడదు.

ఈ చివరిదే అందరికీ కష్టమనిపించింది. కానుక వేయకుండా ఎలా వెళ్తామని ఊళ్లలో మతబోధ చేసే ఉపదేశులే అడిగారు. కానుకల పెట్టెను గుమ్మం దగ్గరికి మార్చాం, ఎవరూ నొచ్చుకోలేదు. అవశేషాన్ని నీళ్లలో ముంచి ఆ నీళ్లు తాగడం, దానికి నూనె సీసాలు ఆనించడం వద్దని కూడా ప్రతి ఊళ్లో గురువులు ముందే చెప్పారు. రుమాళ్లు, జపమాలలు పై గాజుకు తాకించుకోనిచ్చాం. అవి అమ్మకానికి పోకూడదని మాత్రం షరతు.

తిరిగొచ్చాక ముద్రను మళ్లీ అదే వెలుతురులో ఫొటో తీసి పోల్చాను. ఒక అంచున వెంట్రుకంత పగులు కొత్తగా వచ్చింది. ఏ ఊరి తర్వాత వచ్చిందో రిజిస్టర్ ఫొటోల్లో కనిపిస్తోంది. ఆ దారి గుంతలమయం, పెట్టెను మోటారు సైకిల్ మీద తీసుకెళ్లారు. పగులును కొలిచి, పత్రానికి అనుబంధంగా నమోదు చేశాం. దాని మీద కొత్త లక్క పోయమని ఒకరు సలహా ఇచ్చారు, ఒప్పుకోలేదు. పాత ముద్రను కప్పేస్తే మనకున్న ముఖ్యమైన సాక్ష్యాన్ని మనమే చెరిపినట్టు. ఇకపై పెట్టె ఏటా పండుగకు గుడిలోనే దర్శనానికి ఉంటుంది, బండి మీద వెళ్లదు. పక్క మేత్రాసనం నుంచి అప్పుడే ఒక ఆహ్వానం వచ్చింది. అక్కడి పీఠాధిపతి రాతపూర్వక సమ్మతి, మెత్తటి పొర వేసిన పేటిక, కారు ప్రయాణం ఉంటేనే ఆలోచిస్తామని జవాబు రాశాం.